వచ్చిన దారిని మరవని రెక్క

ముందు గీతను చూడండి, లెక్క తర్వాత చూసుకోవచ్చు. అడ్డంగా మోటారుకు ఇస్తున్న వోల్టేజి, నిలువుగా రెక్క తెరుచుకున్న కోణం. వోల్టేజిని చాలా మెల్లగా పెంచుకుంటూ పోతే గీత కొంతసేపు పైకి లేవదు. రెక్క కదలడం లేదన్నమాట. ఒకచోట పట్టు విడుతుంది. అక్కణ్ణుంచి గీత ఏటవాలుగా, ఇంచుమించు తిన్నగా ఎక్కుతుంది. రెక్క పూర్తిగా తెరుచుకున్నాక వోల్టేజిని అంతే మెల్లగా తగ్గించడం మొదలుపెడితే గీత వచ్చిన దారిన దిగదు. పైనే నిలబడుతుంది. కొంతదూరం వెనక్కి అడ్డంగా నడిచి, ఇక తప్పదన్నప్పుడు దిగుతుంది. ఆ దిగే దారి ఎక్కిన దారికి ఎడమపక్కగా, దానికి సమాంతరంగా ఉంటుంది. రెండు దారుల నడుమ ఒరిగిన పట్టీ ఒకటి మిగులుతుంది. ఆ పట్టీలో ఏ వోల్టేజి దగ్గర ఆగి 'రెక్క ఎంత తెరుచుకుని ఉంది?' అని అడిగినా ఒక్క జవాబు రాదు. ఎక్కుతూ వచ్చావా, దిగుతూ వచ్చావా అని అదే మనల్ని ఎదురడుగుతుంది.

ఇంజనీరింగ్ పుస్తకాలు దీన్ని హిస్టరీసిస్ అంటాయి. లోపాల జాబితాలో రాసి, దిద్దాల్సిన వంకరగా చూపిస్తాయి. దిద్దడం అవసరమే, ఆ సంగతీ చెబుతాను. కానీ దిద్దేముందు దాన్ని ఒక పద్యం చదివినట్టు చదవాలని నా కోరిక. ఎత్తుగడ ఉంది, నడక ఉంది, విరుపు ఉంది. కారు మొత్తంలో నాకు ఇంతకంటే అందమైన గీత మరొకటి కనబడలేదు.

అది ఎక్కడ పుట్టిందో తెలిస్తే అందం ఇంకా పెరుగుతుంది. పెట్రోల్ ఇంజన్ ఎంత బలం చూపుతుందన్నది అది ఎంత గాలి పీల్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ గాలి వచ్చే గొట్టానికి అడ్డంగా, ఇరుసు మీద తిరిగే గుండ్రటి లోహపు బిళ్ళ ఉంటుంది. షెడ్లలో బటర్‌ఫ్లై అంటారు, నేను రెక్క అంటున్నాను. పాత కార్లలో యాక్సిలరేటర్ తొక్కితే కేబుల్ లాగేది, రెక్క తెరుచుకునేది. కాలికీ రెక్కకూ ఉన్న సంబంధాన్ని బానెట్ ఎత్తి చేత్తో తడిమి చూడగలిగేవాళ్లం. 1980ల చివర్లో బీఎండబ్ల్యూ తన 12 సిలిండర్ల కారులో ఆ కేబుల్‌ను తీసేసింది. కాలు ఇక అడుగుతుందే తప్ప లాగదు. ఎంత తెరవాలో కంప్యూటర్ తేలుస్తుంది, చిన్న డీసీ మోటారు తెరుస్తుంది. మన దేశంలో పొగ నిబంధనలు బిగుస్తూ 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చేసరికి కొత్త కార్లలోంచి కేబుల్ చాలామటుకు తప్పుకుంది. మా సింహాద్రిపురానికి నైరుతిలో, పొరుగు జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. వాటిలో పెట్రోల్‌తో నడిచేవి పులివెందుల రోడ్డు మీద మన పక్కనుంచి దాటిపోయిన ప్రతిసారీ, వాటి గుండెల్లో ఈ గీత ఎక్కుతూ దిగుతూనే ఉంటుంది.

మోటారు నేరుగా రెక్కను తిప్పదు. దాని పళ్లచక్రం నడిమి చక్రాన్ని, అది ఇరుసుకున్న చక్రాన్ని తిప్పుతాయి. ఈ గేర్లు చాలావాటిలో ప్లాస్టిక్‌వే. మోటారు పదిహేను, ఇరవై చుట్లు తిరిగితే గాని రెక్క ఒక చుట్టు తిరగదు, తిరగాల్సిందీ పావు చుట్టే. దీనికి ఎదురుగా స్ప్రింగులు. ఒకటి రెక్కను మూసేవైపు లాగుతుంది. కరెంటు పోతే రెక్క పూర్తిగా మూసుకుపోయి బండి నడిరోడ్డు మీద ఆగకూడదు కదా, అందుకని ఇంకో స్ప్రింగు దాన్ని మరీ మూసుకోనివ్వకుండా కొన్ని డిగ్రీల దగ్గర ఆపి పట్టుకుంటుంది. ఆ సందులోంచి వచ్చే గాలితో బండి ఎలాగో ఇల్లు చేరుతుంది. అంటే ఈ రెక్కకు విశ్రాంతి స్థానం మూసుకోవడంలోనూ లేదు, తెరుచుకోవడంలోనూ లేదు. కొంచెం ఓరగా తెరుచుకుని ఉండడమే దాని సహజస్థితి. మూయాలన్నా దాన్ని తొయ్యాలి, తెరవాలన్నా తొయ్యాలి.

గీత మీద ఈ విశ్రాంతి స్థానం ఒక అరుగులా కనిపిస్తుంది. కింది భాగంలో గట్టి స్ప్రింగు, పై భాగంలో మెత్తటి స్ప్రింగు, నడుమ వోల్టేజి ఎంత మారినా కోణం మారని చదును. ఎక్కేటప్పుడు గీత ఈ అరుగు మీద నిలబడి చాలాసేపు ఆలోచిస్తుంది. దిగేటప్పుడూ నిలబడుతుంది, ఈసారి మరింత ఎడమగా. సరిగ్గా ఈ చోటే ఇంజన్‌కు అతి ముఖ్యమైన చోటు కూడా. రెక్క బాగా తెరుచుకున్నాక పది డిగ్రీలు అటూ ఇటూ అయినా ఇంజన్‌కు పెద్దగా పట్టదు. మూసుకునే దగ్గర, ఐడిలింగ్‌లో, ఒక డిగ్రీలో కొద్ది భాగం కదిలినా చప్పుడు మారిపోతుంది. ఎక్కడ నేర్పు ఎక్కువ కావాలో అక్కడే గీత వంకర ఎక్కువ. మహాకావ్యాల్లో కథ బిగిసే ఘట్టంలోనే పద్యపు నడక కూడా కష్టమవుతుంది, గమనించారా?

ఇది పుస్తకంలో చూడడం వేరు, కళ్లముందు గీయించుకోవడం వేరు. తుక్కుకు పోయిన కారు నుంచి విప్పిన, రెక్కా మోటారూ ఇమిడిన థ్రాటిల్ బాడీని బల్లకు బిగించి, పన్నెండు వోల్టుల బ్యాటరీ, అటూ ఇటూ కరెంటు పంపే చిన్న సర్క్యూటు, కోణం చదివే తీగలు తగిలిస్తే చాలు. రెక్క తన కోణాన్ని రెండు సెన్సర్లతో చెబుతుంది. ఒకటి పెరుగుతుంటే రెండోది తగ్గుతుంది, రెండింటి మొత్తం మారదు. ఒకటి అబద్ధమాడితే రెండోది పట్టిస్తుంది. ఆ ఏర్పాటు మీదే ఒక వ్యాసం రాయవచ్చు, ఇక్కడ వద్దు. వోల్టేజిని మెల్లగా ఎక్కించి దించితే తెరమీద గీత చుక్క చుక్కగా పుడుతుంది. పట్టు విడిచే క్షణంలో 'టిక్' మని వినీవినిపించని చప్పుడు. ఆ చప్పుడు కోసం నేను వోల్టేజిని ఇంకా మెల్లగా పెంచుతూ కూర్చుంటాను.

మా దగ్గర కార్లు బాగుచేసే కుర్రవాడు ఒకడు ఈ గీతను ఎన్నడూ చూడలేదు, కానీ దాన్ని నాకంటే బాగా ఎరుగును. దుమ్ము, ఇంజన్ ఆయిల్ ఆవిరి కలిసి రెక్క అంచున నల్లటి జిగురు పడుతుంది. 'కార్బన్ పట్టింది' అంటారు. స్ప్రే కొట్టి తుడిచాక పని అయిపోయిందనుకుంటే ఆ అబ్బాయి ఒప్పుకోడు. "కడిగినాక దానికి మళ్లా నేర్పియ్యాలన్నా, లేకుంటే రేస్ నిలబడదు" అంటాడు. స్కానర్ తగిలించి, రెక్కను ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పించి, కంప్యూటర్ చేత కొత్త హద్దులు రాయిస్తాడు. ఘర్షణ మారింది, గాలి సందు మారింది, కంప్యూటర్ మనసులో ఉన్న గీత పాతబడింది. నమూనా కట్టడం అంటే ఇదే. బయట ఉన్న గీతకు లోపల ఒక ప్రతిబింబం పెట్టుకోవడం.

ఆ ప్రతిబింబాన్ని ఎవరెవరు ఎలా గీశారన్నది చూస్తుంటే ఒకే శ్లోకానికి తరతరాల వ్యాఖ్యానాలు చదువుతున్నట్టుంటుంది. మొదటి వ్యాఖ్యాత 18వ శతాబ్దపు ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్. ఆయన వ్యాఖ్య క్లుప్తం. ఘర్షణ ఎప్పుడూ కదలికకు ఎదురు నిలుస్తుంది, దాని బలం వేగాన్ని బట్టి పెద్దగా మారదు. ఈ ఒక్క మాటతోనే మన ఒరిగిన పట్టీ సగానికి పైగా వచ్చేస్తుంది. ఎక్కేటప్పుడు స్ప్రింగుతో పాటు ఘర్షణనూ గెలవాలి, అందుకే దారి కుడికి జరిగింది. దిగేటప్పుడు ఘర్షణ స్ప్రింగుకు అడ్డుపడి రెక్కను ఆపుతుంది, అందుకే ఎడమకు జరిగింది. పట్టీ వెడల్పు ఘర్షణకు సరిగ్గా రెండింతలు. 1902లో జర్మనీలో స్ట్రిబెక్ దానికి ఒక వంపు చేర్చాడు. నూనె ఉన్న చోట, కదలిక మొదలైన కొత్తలో వేగం పెరిగేకొద్దీ ఘర్షణ తగ్గుతుంది, ఆ తర్వాతే మళ్లీ పెరుగుతుంది. పట్టు విడవగానే రెక్క అవసరమైన దానికంటే ఒక అడుగు ముందుకు దూకడానికి కారణం ఆ వంపే.

కూలుంబ్ గీసిన పట్టీకి మూలలు పదునుగా ఉంటాయి. తెరమీద గీతను పెద్దది చేసి చూస్తే అసలు మూలలు అలా లేవు. గుండ్రంగా ఒదిగి ఉన్నాయి. నా మనసు దోచింది ఈ ఒదుగే. 1968లో అమెరికాలో డాల్ దీన్ని పట్టుకున్నాడు. 1995లో స్వీడన్‌లోని లుండ్, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు కలిసి దాన్ని విస్తరించి లూగ్రె నమూనాగా ప్రకటించారు. కనూదా ద వీట్, ఓల్సన్, ఓస్ట్రోమ్, లిషిన్‌స్కీ దాని కర్తలు. వాళ్ల ఊహ ఇది. ఒకదాన్నొకటి రాసుకునే రెండు ఉపరితలాల మీద కంటికి కనబడని నూగు ఉందనుకోండి. కదలిక మొదలు కాగానే ఆ నూగు ముందు వంగుతుంది. వంగడం హద్దుకు చేరాకే జారుతుంది. దిశ మారిస్తే వంగినది ముందు నిటారు కావాలి, తర్వాత అటువైపు వంగాలి. మూల దగ్గర ఒదుగు ఆ నిటారు కావడమే. లక్షల నూగుల సగటు వంపుకు వాళ్లు ఒకే ఒక సంఖ్య పెట్టారు. నిశ్చలంగా కనిపించే రెక్క లోపల నిశ్చలంగా లేదని, అది అప్పటికే ఒకవైపు వంగి ఉందని చెప్పడానికి ఆ ఒక్క సంఖ్య చాలు. కదలికకు ముందు ఉన్న ఆ కదలికను చూపినందుకు నేను వాళ్లకు నమస్కరిస్తాను.

ఇప్పుడు మరో సొగసు. రెక్క దిగుతుండగా దారి మధ్యలో వోల్టేజిని మళ్లీ పెంచండి. గీత అడ్డంగా కుడికి నడిచి, ఎక్కే దారిని అందుకుని, కొంచెం ఎక్కుతుంది. మళ్లీ తగ్గించండి. పెద్ద పట్టీ లోపల చిన్న పట్టీ ఒకటి పుడుతుంది. ఆ చిన్న పట్టీ, ఎక్కడ మలుపు తిరిగిందో సరిగ్గా అక్కడికే తిరిగి వచ్చి మూసుకుంటుంది. అది దాటగానే గీత, చిన్న పట్టీ ఎన్నడూ పుట్టనే లేదన్నట్టు పెద్ద దారిలో సాగిపోతుంది. 1905లో మాడెలుంగ్ అయస్కాంతాల మీద ప్రయోగాలు చేస్తూ ఈ నియమాలను సూత్రాలుగా రాశాడు. అంతకు తొమ్మిది వందల ఏళ్ల ముందే ధనంజయుడు దశరూపకంలో మనసులో నిలిచే స్థాయిభావానికీ, వచ్చిపోయే సంచారిభావాలకూ ఉన్న సంబంధం చెప్పాడు. సంచారులు స్థాయిలోంచి సముద్రంలో అలల్లా లేస్తాయి, అందులోనే మునుగుతాయి, స్థాయి మాత్రం చెదరదు. అలంకారశాస్త్రం చదువుకున్నవాళ్లకు ఈ గీత కొత్త కాదనిపిస్తుంది నాకు. పెద్ద పట్టీ స్థాయి, లోపలి చిన్న పట్టీలు సంచారులు. పుట్టి, పోషించి, ఆనవాలు లేకుండా కలిసిపోతాయి.

ఇంకో విశేషం, ఇది గీతను మొదటిసారి చూసినవాళ్లకు తట్టదు. దానికి కాలం గుర్తుండదు. మలుపు ఎప్పుడు తిరిగారు, ఎంతసేపు పట్టింది, దారిలో వేగం ఎంత, ఇవేవీ దాని లెక్కలో లేవు. ఏ ఎత్తులో మలుపు తిరిగారన్నదే గుర్తు. గణితంలో శుద్ధమైన హిస్టరీసిస్‌కు లక్షణం అదే. కాలాన్ని సాగదీసినా కుదించినా గీత మారదు. నిజం రెక్కలో స్ట్రిబెక్ వంపు, నూనె జిగురు, మోటారు వేగం కొంత కాలాన్ని కలుపుతాయి. మెల్లగా నడిపిస్తే మాత్రం ఆ కల్తీ తగ్గి శుద్ధరూపం బయటపడుతుంది. నేను వోల్టేజిని అంత మెల్లగా పెంచేది అందుకే.

ఈ శుద్ధరూపానికి అందరికంటే గొప్ప భవనం కట్టినవాడు ఫెరెంత్స్ ప్రైసాక్. 1935లో, అయస్కాంతాల కోసం. ఆయన ఆలోచన ఇంత చిన్నది. వస్తువు లోపల లెక్కలేనన్ని బుల్లి స్విచ్చులున్నాయనుకుందాం. ప్రతి స్విచ్చూ ఒక ఎత్తు దగ్గర పైకి పడుతుంది, అంతకంటే తక్కువ ఎత్తు దగ్గర కిందికి పడుతుంది. ఆ రెండు ఎత్తులనూ అక్షాలుగా పెట్టి స్విచ్చులన్నిటినీ ఒక తలం మీద పరిస్తే, ఏ క్షణంలోనైనా పైకి పడినవాటికీ కిందికి పడినవాటికీ మధ్య సరిహద్దు మెట్లమెట్లుగా ఉంటుంది. ఒక్కో మెట్టు మూల ఒక్కో పాత మలుపు. రాయలసీమ పాత దిగుడుబావిని తలుచుకోండి. నీళ్లు తగ్గేకొద్దీ మెట్లు బయటపడతాయి, పెద్ద వాన పడి నీళ్లు పైకి లేస్తే కింది మెట్లన్నీ మునిగి కనుమరుగవుతాయి. ప్రైసాక్ తలంలోనూ అంతే. పెద్ద మలుపు వస్తే తనకంటే చిన్న మలుపుల మెట్లన్నిటినీ ముంచి చెరిపేస్తుంది, తనకంటే పెద్దవాటి జోలికి పోదు. గతాన్ని ఇంత పొదుపుగా, ఇంత న్యాయంగా దాచుకునే మరో ఏర్పాటు నాకు తెలియదు.

1970లలో రష్యా గణితవేత్త క్రాస్నోసెల్‌స్కీ ఆ స్విచ్చులను అయస్కాంతం నుంచి విడదీసి స్వచ్ఛమైన గణితంగా మలిచాడు. పోక్రోవ్‌స్కీతో కలిసి రాసిన ఆయన గ్రంథం 1983లో వచ్చింది. ఈ కథకు మూలపురుషుడు యూయింగ్ స్కాట్లండ్‌వాడు. టోక్యోలో మెకానికల్ ఇంజనీరింగ్ చెబుతూ, ఒకపక్క భూకంపాలను కొలిచే యంత్రాలు కడుతూ, 1880ల మొదట్లో ఇనుములో ఈ వెనుకబాటును గమనించి దానికి పేరు పెట్టాడు. అదే కాలంలో వార్‌బుర్గ్ దాని ధర లెక్కగట్టాడు. చుట్టు తిరిగి వచ్చిన గీత చుట్టుముట్టిన వైశాల్యమంతా వేడిగా పోయిన శక్తి. మన రెక్క పట్టీకీ అదే లెక్క. జ్ఞాపకం ఉచితంగా రాదు, ప్రతి చుట్టుకూ కొంత వేడి చెల్లించాలి.

ఇన్ని వ్యాఖ్యానాల్లో రెక్కకు ఏది తగింది? ఇక్కడ అలంకారశాస్త్రంలో క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యమే నాకు కొలబద్ద. అందమైన నగ అయినా ఉండాల్సిన చోట ఉంటేనే అందం. ప్రైసాక్ భవనం ఎంత గొప్పదైనా రెక్క అందులో ఒంటరిగా తిరుగుతుంది. రెక్క హిస్టరీసిస్‌లో అధికభాగం ఒకే వెడల్పున్న ఒక ఘర్షణ. దానికి ఎదురు రెండు స్ప్రింగులు. గేర్ పళ్ల మధ్య సందు, బేరింగులు, మోటారు బ్రష్షులు తలా కొంచెం చేరుస్తాయి. వెడల్పులు వేరైన కొన్ని పట్టీలను కలిపి కూర్చే ప్రాంట్ల్-ఇష్లిన్‌స్కీ పద్ధతితో అవన్నీ సరిపోతాయి. ఇంకా లోతుకు పోతే, రెక్క తన జ్ఞాపకాన్ని దాచుకోవడానికి వేరే చోటు కూడా అక్కరలేదు. అది ప్రస్తుతం ఏ కోణంలో నిలబడి ఉందో ఆ నిలబడడమే దాని జ్ఞాపకం. మూలల ఒదుగు కోసం లూగ్రె సంఖ్య ఒకటి తోడైతే చాలు. కొన్ని మిల్లీసెకన్లకు ఒకసారి తేల్చాల్సిన లెక్కకు ఆ కుదింపే ఔచిత్యం.

లూగ్రె మీద నాకొక ఫిర్యాదు మాత్రం ఉంది. అతి చిన్న ఊగిసలాటల్లో దాని చిన్న పట్టీలు సరిగ్గా మూసుకోవు, కొద్దికొద్దిగా జారిపోతాయి. సంచారి స్థాయిలో కలవకుండా దాన్ని పక్కకు లాక్కుపోతుంది. ఒక్క సంఖ్యలో మలుపుల వరస పట్టదు కాబట్టి అలా జరుగుతుంది. 2000లో బెల్జియంలోని లువెన్ పరిశోధకులు ఈ లోటు తీర్చే నమూనా తెచ్చారు. రెక్కకు ఆ మెరుగు అంతగా అక్కరలేదు, దాని సెన్సర్ అంత సన్నని కదలికను చదవలేదు. అయినా చదివేవాడి మనసుకు ఆ జారుడు గుచ్చుకుంటూనే ఉంటుంది.

దిద్దే పని గురించి చెబుతానన్నాను. ఘర్షణ తెలియని కంట్రోలర్ రెక్కను కోరిన చోట నిలపబోతే, చాలదని తోస్తూ తోస్తూ పోతుంది, పట్టు విడిచి రెక్క దాటిపోతుంది, మళ్లీ వెనక్కి తోస్తుంది. ఐడిలింగ్ ఎగసి పడుతూ ఊగుతుంది. 2004లో క్రొయేషియాలోని జాగ్రెబ్ విశ్వవిద్యాలయం, ఫోర్డ్ కంపెనీ పరిశోధకులు, దోయర్, పావ్‌కొవిచ్, పెరిచ్, జాన్స్, హ్రొవాత్, దీనికి చేసిన మందు నాకు ఇష్టం. మామూలు కంట్రోలర్‌ను అలాగే ఉంచి, దాని పక్కన ఘర్షణనూ ఆ అరుగునూ ఎరిగిన భాగాలను చేర్చారు. రెక్క ఏ దిశలో పోబోతోందో చూసి, ఘర్షణకు సరిపడా వోల్టేజిని ముందే కలుపుతారు. అరుగు రాగానే దాన్ని ఒక్క ఊపులో దాటిస్తారు. వంకరను తొలగించడానికి వంకరనే పూర్తిగా నేర్చుకోవాలి. ప్రాంట్ల్-ఇష్లిన్‌స్కీ నమూనాలో ఇది మరీ ముచ్చటగా ఉంటుంది. దాన్ని తిరగేస్తే వచ్చేది కూడా ప్రాంట్ల్-ఇష్లిన్‌స్కీ నమూనాయే. బొమ్మ, అచ్చు రెండూ ఒకే కుటుంబం.

మా ఎండలు కూడా ఈ గీతలో వేలు పెడతాయి. రాగి తీగ వేడెక్కితే ఒక్కో డిగ్రీకి దాని నిరోధం 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు పోతే ఇంచుమించు నాలుగోవంతు. అదే వోల్టేజికి మోటారు బలం దాదాపు ఐదోవంతు తగ్గుతుంది, గీత మొత్తం కుడికి సాగుతుంది. నూనె పలచబడితే ఒకలా, జిగురు పడితే మరోలా పట్టీ వెడల్పు మారుతుంది. నడుస్తున్న ఇంజన్ వణుకు ఘర్షణను కొంత కరిగిస్తుంది కాబట్టి బల్లమీద గీసిన పట్టీ బండిలో ఉన్న పట్టీ కంటే లావుగా కనిపిస్తుంది. ఇదే గీత మా చీనీ తోటల నేలలోనూ ఉంది. తడుస్తున్న నేల, ఆరుతున్న నేల, రెండింటిలో వేరు పీల్చడానికి పెట్టే బలం ఒకటే అయినా ఆరుతున్న నేలలో నీరు ఎక్కువ. 1930లో హెయిన్స్ దీనికి కారణం చూపించాడు. ఆ నేలలో లెక్కలేనన్ని రంధ్రాలు, దేని వెడల్పు దానిదే. అక్కడ ప్రైసాక్ మెట్లు నిండుగా వెలుగుతాయి.

ఇక ఈ గీతలో ఇప్పటికీ నన్ను ఓడించే చోటు ఒకటుంది. కారును కొన్ని వారాలు ఎండలో నిలిపి ఉంచి, మొదటిసారి తాళం తిప్పినప్పుడు రెక్క విడిపించుకునే పట్టు, రోజూ నడిచే బండి పట్టు కంటే గట్టిది. ఎంతసేపు కదలకుండా ఉంటే అంతగా ఘర్షణ పెరుగుతుందని కూలుంబ్ ఆనాడే కొలిచి చూపాడు. కాలాన్ని పట్టించుకోని ఆ శుద్ధమైన గీతలోకి కాలం ఇక్కడ దొడ్డిదారిన వస్తుంది, మలుపులు లేని చోట, కేవలం నిలబడి ఉండడంలో. ప్రైసాక్ మెట్లలో దానికి చోటు లేదు, నూగు వంపు సంఖ్యలో లేదు. రెండో చుట్టు తిరిగేసరికి ఆ అదనపు పట్టు పోతుంది, గీత మామూలైపోతుంది, కొలవడానికి మళ్లీ వారాలు ఆగాలి. ఆ మొదటి చుట్టును కూడా తన నడకలో ఇముడ్చుకుని, అయినా ఇంత పొదుపుగా ఉండే నమూనా ఎవరైనా కడితే దాన్ని చదవాలని ఉంది.